మందుకు అలవాటుపడిన పురుగు

ఆదోని వైపు నుంచి ఒక రైతు రాసిన వుత్తరం పది రోజులుగా నా బల్లమీద వుంది. పేరు అచ్చువెయ్యవద్దని ఆయన కోరాడు. పేరే కాదు, వూరు కూడా చెప్పను. విషయం మాత్రం చెప్పక తప్పదు. ఎందుకంటే ఆ ప్రశ్న ఆయన ఒక్కడిది కాదు.

ఆయన తమ్ముడికి హెచ్.ఐ.వి. వుంది. ఏడెనిమిదేళ్ళుగా ప్రభుత్వంవారు ఉచితంగా ఇచ్చే మాత్రలు మింగుతున్నాడు. వొళ్ళు తేరుకొంది, పనిపాటలు చేసుకొంటున్నాడు. మధ్యలో రెండు మూడుసార్లు సుగ్గికి పోయినప్పుడు నెలకు పైగా మాత్రలు ఆగిపోయాయట. ఇటీవల రక్తపరీక్షలో క్రిమి మళ్ళీ పెరిగిందని తేలింది. మరికొన్నాళ్ళు చూసి అవసరమైతే మందు మార్చాలన్నారు. అంతే, ఇల్లంతా గొల్లుమంది. "వొంటికి మందు అలవాటైపాయ, ఇంక ఏ మందూ పట్టదు" అని ముసలితల్లి తిండి మానేసిందట.

వుత్తరం చివర ఆ రైతు ఇలా అడిగాడు: "మా పత్తిచేలో పురుగు మందుకు అలవాటుపడినట్టే ఇదీ అలవాటుపడిందా సార్? చేనికైతే ఇంకో మందు కొడతాము. మనిషికి ఏం చేయాల?"

ఈ ప్రశ్న చదివి నేను ఆశ్చర్యపోయాను. పెద్ద చదువులు చదివినవారు కూడా సరిగా పట్టుకోలేని సంగతిని ఆ రైతు ముప్పాతికవంతు పట్టుకొన్నాడు. మిగిలిన పాతికవంతు నేను చెప్పటానికి ప్రయత్నిస్తాను.

మొదట ముసలితల్లి మాట. వొంటికి మందు అలవాటు కావటమన్నది ఈ జబ్బులో లేదు. మందుకు లొంగకుండా పోయేది వొళ్ళు కాదు, వొంట్లో వున్న క్రిమి. ఈ రెండింటికీ తేడా చాలా పెద్దది. వొళ్ళే అలవాటుపడితే ఏ మందూ పనిచెయ్యదేమోనన్న భయానికి అర్థం వుంటుంది. క్రిమి ఒక మందుకు లొంగకపోతే, అది లొంగే మరో మందు వుండవచ్చు. వున్నది కూడాను.

ఇక రైతు మాట. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులకు వచ్చిన కష్టం ఆనాటివారికి జ్ఞాపకం వుండే వుంటుంది. శనగపచ్చ పురుగు చేలమీద పడింది. సింథటిక్ పైరెత్రాయిడ్లనే కొత్తరకం మందులు అప్పటికి కొన్నేళ్ళుగా వాడుకలో వున్నాయి. మొదట్లో అవి అద్భుతంగా పనిచేశాయి. ఆ ఏడు కొట్టినకొద్దీ పురుగు చావలేదు. అప్పులు తెచ్చి మళ్ళీ మళ్ళీ కొట్టారు. పురుగు మిగిలింది, పంట పోయింది. శాస్త్రజ్ఞులు ఆ పురుగులను పట్టి పరీక్షించి, అవి మందుకు తట్టుకొనే రకమని తేల్చారు. ఆ తరువాత బి.టి. పత్తి వచ్చింది, గులాబీరంగు పురుగు దానికీ తట్టుకొనటం నేర్చిందని ఇప్పుడు ఆదోని మార్కెట్టుకు పత్తి తోలే రైతులు చెప్పుకొంటున్నారు.

"నేర్చింది" అన్నాను గాని, నిజానికి ఏ పురుగూ ఏదీ నేర్చుకోదు. చేలో లక్ష పురుగులుంటే అందులో ఒకటో రెండో పుట్టుకతోనే కాస్త తేడాగా వుంటాయి. మందు కొట్టకముందు వాటికి ఆ తేడావల్ల లాభమేమీ లేదు. కొట్టిన తరువాత తక్కినవన్నీ చస్తాయి, అవి మిగులుతాయి. చేనంతా వాటి సంతానమే అవుతుంది. అంటే మందు పురుగుకు బలం నేర్పలేదు. తట్టుకొనేదాన్ని ఏరి, దానికి పోటీ లేకుండా చేసింది. సగం సగం మోతాదులో కొడితే ఈ ఏరివేత మరీ చక్కగా జరుగుతుంది. పూర్తిగా చంపేటంత మందు వుండదు, తట్టుకొన్నదానికి పెత్తనం ఇచ్చేటంత మందు మాత్రం వుంటుంది. హెచ్.ఐ.వి. విషయంలో జరిగేది ఇదే. కాకపోతే పురుగుకు ఒక తరం గడవటానికి నెల పడితే, ఈ క్రిమికి ఒకటి రెండు రోజులు చాలు.

మరి ఆ తేడా రకాలు మొదట ఎక్కడినుంచి వస్తాయి? ఇది చెప్పటానికి కడపజిల్లా చరిత్రే నాకు సాయపడుతుంది.

సి.పి. బ్రౌన్ దొర 1820లో కడపకు వచ్చాడు. అక్కడ బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టి తాటాకు ప్రతులు సేకరించాడు. ఒకే కావ్యానికి పది ప్రతులు తెప్పిస్తే పదీ పదిరకాలుగా వుండేవి. ఒక లేఖకుడు ఒక అక్షరం జారవిడుస్తాడు, ఇంకొకడు ఒకటి మార్చుతాడు, మూడోవాడు ఆ తప్పును నమ్మకంగా దింపుకొని పైన తనదొకటి కలుపుతాడు. పాఠాంతరాలనేవి ఇలా పుట్టాయి. పండితులు ప్రతులు పక్కపక్కన పెట్టుకొని ఎక్కడ ఏ అక్షరం మారిందో గుర్తించేవారు.

హెచ్.ఐ.వి. కూడా అలాంటి చిన్న గ్రంథమే. దాని మొత్తం రాత సుమారు 9,700 అక్షరాలు. మన కణంలో జొరబడగానే ఆ రాతను ఇంకో లిపిలోకి ఎత్తిరాసే లేఖకుడు దానివద్ద వున్నాడు. శాస్త్రజ్ఞులు అతన్ని రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అంటారు. మహా వేగస్థుడు గాని పరమ అశ్రద్ధపరుడు. రాసినదాన్ని తిరిగి చూసుకొనే అలవాటు అసలే లేదు. కొన్ని పదివేల అక్షరాలకు ఒకటి చొప్పున తప్పు రాస్తాడు. ఆ తప్పునే మ్యుటేషన్ అంటారు. మన పాఠ్యపుస్తకాలలో ఉత్పరివర్తనమని రాస్తారు. ఇతర ప్రాణులకైతే ఇన్ని తప్పులు నాశన హేతువులు. ఈ క్రిమికి అవే పెట్టుబడి. మందు తీసుకోని రోగి వొంట్లో రోజుకు సుమారు వెయ్యికోట్ల కొత్త క్రిములు పుడతాయని 1990ల మధ్యలో లెక్కకట్టారు. అందులో చాలా ప్రతులు చెడిపోయి పనికిరాకుండా పోతాయి. పోతేనేం, వెయ్యికోట్లలో పనికివచ్చే పాఠాంతరం ఒకటి దొరక్కపోదు గదా!

ఇప్పుడు మందుల సంగతి. మనదేశంలో ఈ క్రిమి జాడ మొదట 1986లో మద్రాసులో బయటపడింది. డాక్టర్ సునీతి సాల్మన్, ఆమె విద్యార్థిని నిర్మల సేకరించిన రక్తపు నమూనాలలో అది కనిపించింది. మరుసటి ఏడు, 1987లో, అమెరికాలో మొదటి మందుకు అనుమతి వచ్చింది. అది జిడోవుడిన్, ఎ.జడ్.టి. అని కూడా అంటారు. ఆ మందును మనవాళ్ళే మనదేశంలో తయారుచెయ్యటానికి దారి వేసినవారు హైదరాబాదులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీలో పనిచేసిన ఎ.వి. రామారావుగారు. తెలుగువాడు, గుంటూరులో పుట్టినవాడు. ఆ పద్ధతిని సిప్లా కంపెనీ అందుకొంది.

ఈ మందు లేఖకుడి చేతికి దొంగ అక్షరం అందిస్తుంది. అది నిజమైనదనుకొని అతడు వాక్యంలో పెడతాడు. ఆపైన రాత సాగదు. ఉపాయం బాగుంది. కాని 1989లోనే ఇంగ్లండు, అమెరికా శాస్త్రజ్ఞులు బ్రెండన్ లార్డర్, గ్రహామ్ డార్బీ, డగ్లస్ రిచ్‌మన్‌లు ఒక చేదు వార్త ప్రకటించారు. ఎ.జడ్.టి. ఒక్కటే నెలల తరబడి వాడిన రోగులలో దానికి లొంగని క్రిమి తయారైంది. దొంగ అక్షరాన్ని గుర్తించి విడిపించుకొనే లేఖకుడు వచ్చేశాడన్నమాట.

ఈ పాఠం వైద్యలోకానికి కొత్తది కాదు. 1947లో ఇంగ్లండువారు క్షయకు స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇచ్చి చూశారు. మొదట రోగులు తేరుకొన్నారు, తరువాత చాలామందిలో క్షయక్రిమి దానికి లొంగకుండాపోయింది. పి.ఎ.ఎస్. అనే మరో మందు కలిపి ఇచ్చేసరికి ఆ బెడద తగ్గింది. మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం వున్న సీమలో క్షయ మందులు ఒకటికి రెండు మూడు కలిపి ఇస్తారని తెలియని పెద్దవారుండరు. హెచ్.ఐ.వి.కి కూడా మూడు మందులు కలిపి ఇవ్వాలన్నది 1996 నాటికి స్థిరపడింది.

మూడే ఎందుకు? ఒక చిన్న లెక్క వేద్దాం. ఇది ముతక లెక్కే గాని విషయం బోధపడటానికి చాలు. ఒకానొక అక్షరం కోరినట్టు మారే అవకాశం లక్షకు ఒకటి అనుకోండి. రోజుకు వెయ్యికోట్ల క్రిములు పుడితే, ఒక మందుకు లొంగనివి రోజుకు లక్ష వుంటాయి. మందు వెయ్యకముందే వుంటాయి! రెండు మందులకూ ఒక్కసారిగా లొంగనిది వెయ్యికోట్లకు ఒకటి, అంటే రోజుకొకటి. మూడింటికీ లొంగనిది పదికోట్ల కోట్లకు ఒకటి. అంటే లక్షరోజులకు, సుమారు రెండువందల డెబ్భై ఏళ్ళకు ఒకటి. ఒక మందుకూ మూడు మందులకూ మధ్యనున్న తేడా ఇది. అందుచేతనే మూడూ కలిసి కాపలా వుండాలి, మూడూ ప్రతిరోజూ వుండాలి.

ఆ మందుల ధర మొదట్లో మనిషికి ఏడాదికి పదివేల డాలర్లు దాటి వుండేది. 2001లో సిప్లా అధిపతి యూసఫ్ హమీద్ అదే మూడు మందుల చికిత్సను స్వచ్ఛంద వైద్యసంస్థలకు ఏడాదికి 350 డాలర్లకు ఇస్తానని ప్రకటించేసరికి లోకం నివ్వెరపోయింది. ఆ తరువాత హైదరాబాదు కంపెనీలు హెటిరో, అరబిందో వంటివి కూడా ఈ మందులు చేసి ఆఫ్రికా దేశాలకు పంపాయి. 2004 ఏప్రిల్ 1న భారత ప్రభుత్వం ఉచిత చికిత్స ప్రారంభించింది. క్రిమి ఎక్కువగా వున్న ఆరు రాష్ట్రాలలో మొదలుపెట్టారు. వాటిలో మన రాష్ట్రం ఒకటి. 2021 అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 3 లక్షల 21 వేలమంది హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నారు. పెద్దవారిలో నూటికి 0.67 మంది. దేశపు సగటు 0.21. కనుక ఇది ఎవరో దూరపువారి సమస్య కాదు.

ఇక అక్షరాలు మారటం ఎలా వుంటుందో రెండు మూడు ఉదాహరణలు చెప్తాను. పేర్లు చూసి బెదరకండి.

డాక్టర్లు "ఎం 184 వి" అంటారు. లేఖకుడి శరీరంలో 184వ స్థానంలో మిథియోనైన్ అనే పదార్థం వుండాలి. అక్కడ వాలైన్ వచ్చిందని దాని అర్థం. గ్రంథంలో మారింది ఒకే ఒక్క అక్షరం. దానితో లామివుడిన్ అనే మందు దాదాపు చేతులెత్తేస్తుంది. కాని క్రిమి ఇందుకు మూల్యం చెల్లించుకొంటుంది. ఈ రకం లేఖకుడి రాత మందగిస్తుంది. పైగా అతనికి జిడోవుడిన్, టెనోఫోవిర్ మందులు మునుపటికన్నా బాగా తగులుతాయి. అందుచేతనే మందులు మార్చినప్పుడు కూడా డాక్టర్లు లామివుడిన్‌ను తరచుగా వుంచేస్తారు. "పనిచెయ్యని మందు మళ్ళీ ఎందుకిస్తున్నారు?" అని చాలామంది అనుమానపడతారు. శత్రువును కుంటివాడుగా వుంచటానికి ఇస్తున్నారన్నమాట.

"కె 103 ఎన్" సంగతి వేరు. నెవిరపిన్, ఎఫావిరెంజ్ అనే మందులు లేఖకుడి మోచేతి మడతలో దూరి అతన్ని కదలనివ్వవు. 103వ స్థానం మారితే ఆ మడతలోకి దూరటం కష్టమవుతుంది. ఒక్క మార్పుతో రెండు మందులూ పోతాయి. ఇక్కడ క్రిమి పెద్దగా నష్టపోదు గనుక ఆ మార్పు ఏళ్ళ తరబడి నిలిచివుంటుంది. మూడోది "కె 65 ఆర్". టెనోఫోవిర్‌కు తగిలే దెబ్బ ఇది. మనదేశంలో ఎక్కువగా కనిపించే సి రకం క్రిమిలో ఈ మార్పు ఇతర రకాలకన్నా తేలికగా వస్తుందని పరిశోధకులు కనుగొన్నారు.

ఇప్పుడు సుగ్గికి పోయిన తమ్ముడి దగ్గరకు వద్దాం. కోసిగి, మంత్రాలయం, ఆలూరు, పత్తికొండ వైపు వర్షం మోసం చేస్తే ఇళ్ళకు తాళాలు వేసుకొని గుంటూరు మిరపచేలకో, పత్తి ఏరటానికో, హైదరాబాదు, బెంగుళూరు కట్టడాల పనికో పోవటం అందరికీ తెలిసిందే. కడప వైపునుంచి గల్ఫు దేశాలకు పోయేవారూ వున్నారు. నెలకు సరిపడా మాత్రలు తెచ్చుకొన్నవాడు మూడు నెలలు పనిమీద వుండిపోతే ఏమవుతుంది?

చాలామంది ఇలా అనుకొంటారు: మూడు మందులూ ఒకేసారి ఆపాను గనుక మూడూ ఒకేసారి పోతాయి. పోవు! లామివుడిన్ వంటివి రెండు మూడు రోజుల్లో పోతాయి. ఎఫావిరెంజ్, నెవిరపిన్ వంటివి కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు మూడు వారాలు నెత్తురులో కొద్దికొద్దిగా తిరుగుతాయి. అంటే ముగ్గురు కావలివాళ్ళలో ఇద్దరు ఇంటికి పోయారు, మూడోవాడు సగం నిద్రలో ఒంటరిగా వున్నాడు. మనం పైన వేసిన లెక్క గుర్తుంది గదా. ఒక్క మందుకు లొంగనివి రోజుకు లక్ష!

ప్రసవ సమయంలో తల్లికి ఒకే ఒక్క మోతాదు నెవిరపిన్ ఇచ్చే పద్ధతిలో కూడా ఇదే జరిగింది. 1999లో ఉగాండాలో జరిపిన పరీక్షలో ఆ ఒక్క మాత్రవల్ల బిడ్డలకు క్రిమి సోకటం సుమారు సగం తగ్గింది. అది చాలా మేలు చేసింది, సందేహం లేదు. మనదేశంలో కూడా అనేక ఏళ్ళు వాడారు. కాని చాలామంది తల్లులలో ఆ మందుకు లొంగని క్రిమి మిగిలింది. ఆ తల్లి తప్పు ఇందులో ఏముంది? ఆనాటికి వున్న మేలైన పద్ధతి అది. తరువాత 2014 నుంచి గర్భిణులందరికీ మూడు మందుల చికిత్స జీవితాంతం ఇచ్చే పద్ధతి వచ్చింది.

ఈ మాట నేను కావాలనే చెప్తున్నాను. "మందు ఫెయిలయింది" అనగానే అందరూ రోగివైపు చూస్తారు. కొందరికి మొదటి మాత్ర మింగకముందే లొంగని క్రిమి వుంటుంది. ఎవరినుంచి సోకిందో వారి దగ్గరే ఆ మార్పు జరిగి వుంటుంది. కొందరికి క్షయ కూడా వచ్చి, దాని మందు రిఫాంపిసిన్ ఈ మందుల బలాన్ని తగ్గిస్తుంది. ఇక మాత్రలు మానినవారి సంగతి. ఎందుకు మానారో అడిగినవాళ్ళు ఎంతమంది?

సుగ్గికి పోయివచ్చే ఒకామెను నేను అడిగాను. "అక్కా, మాత్రలు వెంట తీసుకుపోవచ్చు గదా?" అన్నాను. ఆమె నావైపు జాలిగా చూసింది. "గుడారంలో పదిమంది పండుకుంటాము నాయనా. డబ్బా తీస్తే మేస్త్రీ చూస్తాడు, మేస్త్రీ పెండ్లాం చూస్తది. తెల్లారితే వూరంతా ఎరుకైతాది. ఇంక నన్ను పనికి పిల్చేదెవురు?" అంది. ఆమె మాత్రలు మరిచిపోలేదు. మానటానికి ఆమెకు కారణం వుంది. ఆ కారణం మనమే. క్రిమికి అవకాశం ఇచ్చింది ఆమె అశ్రద్ధ కాదు, చుట్టూవున్నవాళ్ళ నోరు. 2017లో పార్లమెంటు చేసిన హెచ్.ఐ.వి. చట్టం 2018 సెప్టెంబరునుంచి అమలులో వుంది. రోగి అనుమతి లేకుండా అతని జబ్బు సంగతి బయటపెట్టరాదనీ, ఈ జబ్బు వుందని పనిలోనుంచి తీసివెయ్యరాదనీ అందులో వుంది. చట్టం గుడారందాకా వెళ్ళాలంటే మాత్రం మనలాంటివాళ్ళు నోరు అదుపులో పెట్టుకోవాలి.

ఇంకొక సంగతి. రక్తపరీక్షలో క్రిమి పెరిగినంతమాత్రాన అది మందుకు లొంగటంలేదని తేల్చరాదు. మందే పడకపోతే ఏరివేత ఎక్కడిది? చేలో మందు కొట్టకపోయినా పురుగు పెరుగుతుంది గదా! అందుకే వైరల్ లోడ్ పరీక్షలో మిల్లీలీటరుకు వెయ్యి ప్రతులకు మించి కనిపిస్తే, డాక్టర్లు వెంటనే మందు మార్చరు. రోగిని కూర్చోబెట్టి మాట్లాడి, కొన్ని నెలలు మాత్రలు సరిగా వేయించి, మళ్ళీ పరీక్ష చేస్తారు. చాలామందిలో క్రిమి మళ్ళీ అణగిపోతుంది. అప్పుడు పాత మందే చాలు. అణగకపోతే రెండో వరస మందులు. ఈ వైరల్ లోడ్ పరీక్షను చికిత్సలో వున్నవారందరికీ ఉచితంగా చెయ్యటం 2018లో ప్రారంభమైంది. క్రిమి గ్రంథాన్నే చదివి ఏ అక్షరం మారిందో చెప్పే పరీక్ష వేరే వుంది. దానిని జీనోటైప్ పరీక్ష అంటారు. బ్రౌన్ పండితులు చేసిన పనే అది! ఖర్చుతో కూడినది గనుక అందరికీ చెయ్యరు, చిక్కు కేసులకు చేస్తారు. ఒక చిక్కు వుంది. మందు పూర్తిగా మానేసిన కొన్ని వారాల తరువాత ఈ పరీక్ష చేస్తే పాత మూలప్రతే పైకివచ్చి, మారిన ప్రతులు కనిపించకపోవచ్చు. అవి పోలేదు. మన కణాల భాండాగారంలో కట్టలు కట్టి దాచివుంటాయి. ఆ మందు మళ్ళీ వెయ్యగానే బయటికి వస్తాయి. కనుక డాక్టరుతో, "ఫలానా ఏడు ఫలానా మందు వాడాను, ఇన్నాళ్ళు మానాను" అని నిజం చెప్పటం పరీక్షకన్నా విలువైనది.

ప్రస్తుతం ప్రభుత్వ కేంద్రాలలో ఎక్కువమందికి ఇస్తున్నది టి.ఎల్.డి. అనే ఒకే మాత్ర. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ అందులో వున్నాయి. మనదేశంలో 2020నుంచి ఈ మార్పు జరిగింది. డోలుటెగ్రావిర్ లేఖకుడి జోలికి పోదు. రాసిన ఆకును మన కణపు గ్రంథంలో కలిపి కుట్టేవాడొకడున్నాడు, ఇంటిగ్రేజ్ అంటారు. వాడి చేతిలో సూది లాక్కొంటుంది. దీనికి లొంగకుండా మారటం క్రిమికి అంత సులభం కాదు. అందుకే నెవిరపిన్, ఎఫావిరెంజ్‌లకు లొంగని క్రిమి పెరుగుతున్నదని గమనించిన ప్రపంచ ఆరోగ్యసంస్థ దీనికి పెద్దపీట వేసింది.

సులభం కాదన్నాను, అసాధ్యమనలేదు. 2024లో ఆ సంస్థే ఒక హెచ్చరిక చేసింది. ఈ మందు వాడుతూ కూడా క్రిమి అణగనివారిని కొన్ని దేశాలలో పరీక్షిస్తే నూటికి 3.9 మొదలు 8.6 దాకా ఈ మందుకు లొంగని క్రిమి కనిపించింది. క్రిమి ఎక్కువగా వున్న స్థితిలోనే పాత మందునుంచి దీనికి మార్చినవారిలో అది 19.6 దాకా వుంది. పైరెత్రాయిడ్లు వచ్చిన కొత్తలో రైతులు ఎంత ధీమాగా వున్నారో జ్ఞాపకం తెచ్చుకొంటే, ఈ అంకెలను ఎలా చదవాలో తెలుస్తుంది. ఇవి భయపడటానికి కాదు, మంచి మందును చేజేతులా పాడుచేసుకోకుండా వుండటానికి.

ఈ మాత్ర గురించి ఆడవాళ్ళకు ఒక మాట. రక్తం పట్టటానికిచ్చే ఐరన్ మాత్రలు, ఎముకలకిచ్చే కాల్షియం మాత్రలు, కడుపుమంటకు వాడే కొన్ని మందులు డోలుటెగ్రావిర్‌ను కడుపులోనే పట్టుకొని నెత్తురులోకి పోనివ్వవు. కనుక దీనిని వాటికన్నా రెండు గంటలు ముందో, ఆరు గంటలు తరువాతో వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలైతే అన్నంతోబాటు కలిపి వేసుకోవచ్చునని కూడా చెప్తారు. క్షయ మందు వాడేవారికి డోలుటెగ్రావిర్ అదనంగా ఇంకొక మోతాదు కావాలి. ఏ మందు వాడుతున్నా, చివరికి పసరు మందైనా సరే, డాక్టరుకు చెప్పండి.

ఇక ఆదోని రైతుకు నా జవాబు.

అయ్యా, మీ తమ్ముడి వొంటికి మందు అలవాటు కాలేదు. క్రిమి పెరిగిందంటే, మాత్రలు ఆగినందువల్ల పెరిగిందో, అక్షరం మారినందువల్ల పెరిగిందో ఇంకా తేలలేదు. డాక్టరు "మరికొన్నాళ్ళు చూద్దాం" అన్నది అందుకే. ఈ కొన్నాళ్ళూ ఒక్కరోజు తప్పకుండా వేయించండి. చెప్పిన తేదీకి తిరిగి పరీక్షకు తీసుకువెళ్ళండి. క్రిమి అణిగితే సరే. అణగకపోతే అటజానవిర్ వంటి రెండో వరస మందులున్నాయి, వాటి తరువాత మూడో వరసా వుంది. అవీ ఉచితమే. ఆ మందులమీద ఏళ్ళ తరబడి నిక్షేపంగా బతుకుతున్నవారున్నారు. క్రిమి అణిగివున్నంతకాలం అతని భార్యకు కూడా అది సోకదని ప్రపంచమంతటా జరిగిన పరిశోధనలు రుజువుచేశాయి.

వచ్చే సుగ్గికి పోయేముందు మాత్రలిచ్చే కేంద్రానికి వెళ్ళి, ఎక్కడికి, ఎన్నినెలలు పోతున్నాడో చెప్పమనండి. నిలకడగా వున్నవారికి రెండు మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇవ్వటం వుంది. గుంటూరులోనో బెంగుళూరులోనో దగ్గరి కేంద్రంలో తీసుకొనే ఏర్పాటూ వుంది. వైద్యం పుస్తకం వెంట వుండాలి. డబ్బా చూపించటానికి మొగమాటమైతే మాత్రలను చప్పుడుకాని చిన్న సీసాలోకి మార్చి, తేమ తగలకుండా మూత బిగించుకోవచ్చును. సీసాతో వచ్చిన తేమ పీల్చే చిన్న పొట్లాన్ని మాత్రం పారెయ్యరాదు.

ముసలమ్మతో ఈ మాట చెప్పండి: "అవ్వా, పాడైంది నీ కొడుకు వొళ్ళు కాదు. ఒక మందుకు లొంగని క్రిమి వుంటే దానికి తగిన ఇంకో మందు వుంది. నీవు అన్నం తిను." ఆ తరువాత ఆమెనే కాపలా పెట్టండి. రోజూ రాత్రి తొమ్మిది గంటలకు మాత్ర వేసుకొన్నావా అని కొడుకును అడగటానికి తల్లికన్నా తగినవారు ఎవరుంటారు?